చేదుదుంప తీర్పు

అనగనగా ఒక అడవిలో రెండేళ్లపాటు చినుకు పడలేదర్రా పిల్లలూ. పండ్ల చెట్లన్నీ మోడువారాయి. నేలలో మిగిలింది ఒక్క చేదుదుంపే. అది తింటే చావే.

ఆ అడవిలో సూదమ్మ అనే ముళ్లపంది ఉండేది. ఆకలికి అల్లాడుతున్న తన ఇద్దరు పిల్లల్ని చూసి, ఈ దుంప విషం ఎలాగైనా విరగ్గొట్టాలనుకుంది. దుంపను ముక్కలు చేసి, కార్చిచ్చు బూడిద పట్టించి, కొండ మీంచి సన్నగా పారే సెలయేటిలో ఉంచింది.

ఒకరోజు ఉంచి కొరికి చూసింది. నోరంతా పొక్కింది. మళ్లీ రెండు రోజులు ఉంచి తింది. నాలుగు కాళ్లూ చచ్చుబడ్డాయి. అలా కదల్లేక పడి ఉండగా, పిల్లల్లో చిన్నది ఆకలికి ఆగలేక మిగిలిన ముక్క తినేసింది. ఇక లేవలేదు.

కాళ్లు స్వాధీనంలోకి వచ్చాక, సూదమ్మ ఏడుస్తూనే మూడు రోజులు ఉంచి చూసింది. విషం దిగిపోయింది.

ఆ ఉపాయం దాచుకోలేదు. అందరికీ నేర్పింది. అడవి బతికింది.

చిన్న కొలువులో తీర్పులు చెప్పే దుప్పి ఆమెను పిలిపించింది. "ఈ ఉపాయం నీది. మూడేళ్లపాటు దీన్ని వాడుకునేవాళ్లు పది దుంపలకు ఒకటి నీకివ్వాలి. తిండి కోసం తిరిగే పని తప్పితే, నువ్వు ఇంకేదైనా కనిపెడతావు తల్లీ" అంది.

నక్కకు ఇది గిట్టలేదు. పెద్ద కొలువుకు అప్పీలు చేసుకుంది. అక్కడ ఏనుగు, ఎలుగుబంటి, గుడ్లగూబ కూర్చుంటాయి. వాటి మాటకు తిరుగులేదు.

"అయ్యలారా, దుంపను సూదమ్మ పుట్టించిందా?" అని అడిగింది నక్క.

"లేదు, నేల ఇచ్చింది" అంది ఏనుగు.

"మరి బూడిద?"

"కార్చిచ్చుది" అంది ఎలుగుబంటి.

"నీళ్లు?"

"కొండవి" అంది గుడ్లగూబ.

ఏనుగు సూదమ్మ వైపు తిరిగింది. "మరి ఇందులో నీదేమిటి?"

"మూడు రోజులయ్యా" అంది సూదమ్మ. "రెండు రోజులు చాలవని తెలియడానికి నా బిడ్డ పోయింది."

గుడ్లగూబ కళ్లు దించుకుంది. ఏనుగు మాత్రం గొంతు సవరించుకుంది. "నీ కష్టం పెద్దదే. కానీ మూడు రోజులకు విషం దిగడం ప్రకృతి ధర్మం. నువ్వు దాన్ని చూశావు, చేయలేదు. ప్రకృతి ధర్మం మీద ఎవరికీ హక్కుండదు. చిన్న కొలువు తీర్పు కొట్టేస్తున్నాం."

"ఏమీ అనుకోకు వదినా, న్యాయం న్యాయమే కదా" అంది నక్క దారిలో. ఆ రోజు నుంచి సూదమ్మ పొద్దస్తమానం తవ్వితేనే తనకూ మిగిలిన బిడ్డకూ కడుపు నిండేది.

కరువు తీరక, మరుసటేడు చేదుదుంపలూ అయిపోయాయి. ముష్టిచెట్లు మాత్రం విరగకాశాయి. వాటి కాయలూ విషమే.

ఏనుగు తన గున్నను వెంటబెట్టుకుని వచ్చింది. "సూదమ్మా, ముష్టికాయల విషానికి ఉపాయమేమైనా ఉందా? బిడ్డ పస్తుంటోంది."

"తెలియదయ్యా."

"మా మీద కోపంతో దాస్తున్నావా?"

"దాచడానికి నా దగ్గరేముంది? తెలుసుకోవాలంటే తిని చూడాలి. నేను పడిపోతే ఈ ఒక్క బిడ్డకూ తిండి పెట్టేదెవరు?"

ఏనుగు గున్నను తీసుకుని వెళ్లిపోయింది. ఆ వేసవిలోనే గున్న చనిపోయింది. ఆ కబురు విన్న సూదమ్మకు రోజంతా ముద్ద దిగలేదు. ముష్టికాయలు చెట్ల కిందే రాలి, ఎండిపోయాయి.

నీతి: కనిపెట్టినవాళ్ల కష్టాన్ని కాదన్న చోట, మళ్లీ కనిపెట్టేవాళ్లు పుట్టరు.