అద్దాల పెట్టె కింది పంక్తి

కామేశం మాస్టారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఒక ఆట ఎలా సాగిందో రాసిన కాగితం తెచ్చి ముందు పెడితే, చదవడం మొదలుపెట్టకుండానే తన కళ్లద్దాల పెట్టె తీసి, ఆ కాగితంలో చివరి పంక్తి మీద పెట్టేసేవారు. గెలుపో ఓటమో రాసి ఉండేది ఆ పంక్తిలోనే. మిగతాదంతా చదివి, ఒప్పో తప్పో నోటితో అనేసిన తరవాతే పెట్టె తీసేవారు. రంగు వెలిసి, మూల రేకు ఊడిన పెట్టె అది. కొత్తది కొనిస్తామని శిష్యులు బతిమాలితే, "దీనికి పాఠం వచ్చు, కొత్తదానికి మళ్లీ మొదటినుంచీ చెప్పాలి" అనేవారు.

ఆయన కాకినాడలో ముప్పై ఏళ్లు గణాంకశాస్త్రం చెప్పి, ఉద్యోగం అయిపోయాక మేడమీద గదిలో నలుగురైదుగురికి కృత్రిమ మేధ పాఠాలు చెప్పేవారు. పాఠమంతా పోకర్ అనే పేకాటతోనే. డబ్బు ఊసు లేదు, పందేనికి చింతగింజలు. ఒక్కొక్క శిష్యుడికీ కంప్యూటర్లో ఒక్కొక్క మోడల్, అంటే నేర్పితే నేర్చుకునే ప్రోగ్రామ్. దాని చేతిలో రెండు ముక్కలుంటాయి, బల్లమీద అయిదు ముక్కలు మెల్లిమెల్లిగా తెరుచుకుంటాయి, ఎదుటివాడి దగ్గర ఏముందో తెలీదు. పందెం పెంచాలా, ముక్కలు పడేసి తప్పుకోవాలా అన్నది మోడలే తేల్చుకోవాలి. తేల్చుకునే ముందు ఎందుకో తెలుగులో రాసి పెట్టాలి. ఆట అయ్యాక శిష్యుడు ఆ నిర్ణయం పక్కన ఒప్పనో తప్పనో గుర్తు పెడతాడు, ఆ గుర్తుల్ని చూసి మోడల్ నేర్చుకుంటుంది. "పేకాట మాస్టారు" అని వీధిలోవాళ్లు వేళాకోళం చేసినా ఆయన చెవిని పెట్టలేదు.

ఆ శిష్యుల్లో వకుళ పెద్దది. ముప్పై ఆరేళ్ల మనిషి, లెక్కల్లో దిట్ట. ఆర్నెల్ల కిందట వాళ్ల నాన్న వీర్రాజుగారికి గుండె ఆపరేషన్ చెయ్యాలంటే సంతకం పెట్టింది ఆమే. ఆయన ఆపరేషన్ గదిలోంచి తిరిగి రాలేదు. ఇప్పుడు మాస్టారికీ గుండెలో కవాటం మార్చాలన్నారు. భార్య పోయింది, పిల్లలు లేరు. తనకి స్పృహ లేనప్పుడు ఏం చెయ్యాలో డాక్టర్లకి చెప్పవలసిన మనిషి ఒకరు సంతకం పెట్టాలంటే, ఆయన వకుళ పేరు రాసి ఫారం ఆమె చేతికిచ్చారు. మూడు వారాలుగా ఆ ఫారం ఆమె సంచిలోనే మడత నలుగుతోంది. ఎల్లుండి పొద్దున్నే ఆస్పత్రిలో చేరాలి, దానిమీద సంతకం లేకపోతే ఆపరేషన్ చెయ్యరు.

ఆ రోజు మధ్యాహ్నం మిగతావాళ్లు వెళ్లిపోయేదాకా ఉండి, వకుళ ఫారం తీసి బల్లమీద పెట్టింది.

"నావల్ల కాదు మాస్టారూ. ఇంకెవరి పేరైనా రాయండి. అన్నీ ఆలోచించి, సరైనదే అనుకుని చేశాను. ఇంత చేసీ చెడింది. అది తప్పు కాదంటే నేనెలా నమ్మను?"

మాస్టారు ఫారం వంక చూడనైనా లేదు. "నీ మోడల్ ఏం చేస్తోందమ్మా ఈ మధ్య? ఒక ఆట ఆడించు, చూద్దాం" అన్నారు.

అడిగినదొకటి, ఈయన చెప్పేదొకటి అని వకుళకి ఒళ్లు మండింది. అయినా గురువుగారి మాట, ఆడించింది. మోడల్ చేతికి రెండు ఆసులు వచ్చాయి. పేకలో ఇంతకన్నా పెద్ద జత లేదు. మోడల్ ఇలా రాసింది: "నా దగ్గర రెండు ఆసులు ఉన్నాయి. గెలుపు నావైపే ఎక్కువ ఉంది. అయినా ఓడిపోయే వీలుంది. కాబట్టి తప్పుకుంటున్నాను."

వకుళకి తల కొట్టేసినట్టయింది. "దీనికి మతి పోయిందండి. పది రోజులుగా ఇదే వరస."

"దాని మతికేం, బంగారం. చెప్పినమాట వినే పిల్ల. నువ్వేం చెప్పావో తియ్యి."

ఆమె పాత ఆటల కాగితాలు తెచ్చింది. మాస్టారు పైదాని చివరి పంక్తిమీద పెట్టె పెట్టి, చదవమన్నారు. మోడల్ చేతిలో రెండు రాజులు, ఎదుటివాడు బెదిరిస్తున్నాడు, లెక్క వేసుకుని పందెం పెంచింది. "ఒప్పే" అంది వకుళ. పెట్టె తీస్తే, ఆఖరి ముక్క ఎదురుతిరిగి ఓడిపోయిన ఆట. పక్కన ఆమె పెట్టిన గుర్తు: తప్పు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. నాలుగోది చూస్తే చేతిలో ఒక్క మంచి ముక్కైనా లేకుండా గుడ్డిగా పెంచి గెలిచిన ఆట, దాని పక్కన ఒప్పు. వకుళ కాగితాల మీది తేదీలు ఒక్కొక్కటే చూసుకుంది. నాన్న దినకార్యాలయ్యాక మొదటిసారి పాఠానికి వచ్చిన రోజునుంచీ, ఓడిన ప్రతి ఆటకీ ఆమె తప్పే పెట్టుకుంటూ వచ్చింది. పాపం, ఆ మోడల్‌కి భయం తప్ప ఇంకేమీ నేర్పలేదు. తెలీకుండానే తన ఏడుపంతా దాని నెత్తిన పోసింది.

మాస్టారు కాగితాలు పక్కకి నెట్టి, బల్లమీద ఖాళీ అయిన చోట పెట్టె పెట్టారు.

"ఇప్పుడు మీ నాన్న సంగతి చెప్పు. స్ట్రెచర్ గుమ్మం దాటేవరకే చెప్పు. అక్కడ ఆపెయ్యి."

వకుళ చెప్పింది. మందులతో అయితే ఏడాది కష్టమన్నారు. ఆపరేషన్ అయితే పదిమందిలో తొమ్మిదిమంది ఇంటికి వెళతారన్నారు. ఇంకో ఊళ్లో ఇంకో డాక్టర్నీ అడిగింది, ఆయనా అదే చెప్పాడు. నాన్న నాలుగు మెట్లెక్కలేక గోడ పట్టుకుని నిలబడిపోయేవాడు. "మళ్లీ మన వీధి చివరిదాకా నడవాలని ఉందే. నీకేది తోస్తే అదే చెయ్యి తల్లీ" అన్నాడు. లోపలికి తీసుకెళ్లేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని, ఇడ్లీ తిన్నావా అని అడిగాడు. గుమ్మం దగ్గర వదిలాడు.

ఆమె అక్కడ ఆగింది. కళ్లు పెట్టెమీదే ఉన్నాయి.

"ఒప్పా, తప్పా?" అన్నారు మాస్టారు.

"ఒప్పేనండి" అంది వకుళ. ఆర్నెల్లుగా కంటివెనకే దాచుకున్న దుఃఖం అప్పుడు వచ్చింది. నాన్న పోయాడన్న బాధ ఒక్కరవ్వ కూడా తగ్గలేదు, కానీ నాన్నని తనే చంపుకున్నానన్న మాట మాత్రం ఆమెను వదిలింది. మాస్టారు మంచినీళ్లు తెచ్చి దగ్గర పెట్టి, కిటికీవైపు తిరిగి కూర్చున్నారు.

కాసేపటికి ఆమె ముఖం తుడుచుకుని ఫారం దగ్గరికి లాక్కుంది. చివరికంటా చదివింది. డాక్టర్లు ఏమన్నారో, ఇంకెవరిని అడిగారో, వద్దనుకుంటే ఏమవుతుందో మాస్టారిని ఒక్కొక్కటీ అడిగింది. ఆయన పాఠం అప్పజెప్పే పిల్లాడిలా అన్నిటికీ బుద్ధిగా జవాబు చెప్పారు. ఎందుకు సరే అంటోందో వేరే కాగితం మీద నాలుగు మాటలు రాసి, తేదీ వేసింది. అప్పుడు సంతకం పెట్టింది. అక్షరాలు కుదురుగా వచ్చాయి.

ఆమె లేస్తుంటే మాస్టారు అద్దాలు కళ్లకి పెట్టుకుని, ఖాళీ పెట్టె ఆమె చేతిలో పెట్టారు.

"నీ దగ్గర ఉంచమ్మా. తిరిగొస్తే అడిగి పుచ్చుకుంటాను. అడగకపోతే, పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు నీకు కావాలి."