మెట్టు మీది రోగి

ఎవరైనా ప్రశ్న అడిగితే కోదండపాణి మాస్టారు చెప్పులు వెతుక్కుంటారు. కొట్టడానికి కాదు, అడిగినవాళ్ళను బయటికి తీసుకెళ్ళడానికి. సాఫ్ట్‌వేరు పనిలో తలపండిన మనిషి. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు విశాఖలో ఏ ఆఫీసుకు వెళ్ళినా కనిపిస్తారు. ఆయన నోట నేరుగా జవాబు విన్నవాళ్ళు మాత్రం కనిపించరు.

ఆ సాయంత్రం ఆయన్ను ఋషికొండ ఆఫీసుకు పిలిపించుకున్నది శిష్యురాలు స్రవంతి. ఆమె చేతికింద రోజూ కలుసుకుంటూ పనిచేసే మూడు చిన్న జట్లు, వాళ్ళ మాటలో స్క్రమ్ టీములు, కలిసి ఒకే అంబులెన్సు యాప్ తయారుచేస్తున్నాయి. పిలుపు అందుకోవడం ఒక టీము పని, బండిని పంపడం ఇంకో టీము పని, ఆసుపత్రిలో మంచం చూడడం మూడోదాని పని. మర్నాడు పొద్దున్నే యాప్ ఊరి జనం చేతికి వెళ్ళాలి. వెళ్ళవచ్చని చెప్పాల్సింది స్రవంతే.

"మూడు టీములూ రోజూ కలుస్తున్నాయి మాస్టారూ. ఏ అడ్డంకీ లేదనే చెబుతున్నాయి. అయినా నా మనసు కుదుటపడటం లేదు. అందర్నీ ఒకే తాటి మీద నడపాలంటే ఏం చెయ్యాలి? ఇంకో మీటింగ్ పెట్టనా?"

మాస్టారు చెప్పులు వేసుకున్నారు. గేటు దాకా నడిచి, అక్కడి మెట్టు మీద చతికిలబడి, గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"నాకు నొప్పి వస్తోందనుకో. బండిని పిలువు."

ట్రయల్ కోసం ఆసుపత్రివాళ్ళు పంపిన అంబులెన్సు కొండ దిగువన కనిపిస్తూనే ఉంది. స్రవంతి యాప్ నొక్కింది. పిలుపు అందిందని వెంటనే సందేశం వచ్చింది. బండి బయల్దేరిందని వచ్చింది. ఆమె ముఖం విప్పారింది. కాసేపటికి 'వాహనం మీ ముందుంది' అని వచ్చింది. తలెత్తి చూస్తే ముందున్నది ఖాళీ రోడ్డు. దిగువన అంబులెన్సు కదల్లేదు. డ్రైవరు దానికి ఆనుకుని టీ తాగుతున్నాడు. ఆమె చూస్తుండగానే 'రోగి వాహనం ఎక్కారు' అంది ఫోను. ఆ తర్వాత, 'రోగిని మంచం మీద చేర్చాం' అంది.

రోగి మెట్టు మీదే ఉన్నాడు.

స్రవంతి మొదటి టీము లీడరుకు ఫోన్ చేసింది. "బండ్ల టీము నుంచి 'సరే' అని వచ్చింది కదా మేడమ్," అన్నాడతను.

"ఎవరన్నారు సరే అని?"

"మా డమ్మీ, మేడమ్."

పక్క టీము పని పూర్తయ్యేదాకా ఆగలేక, దాని స్థానంలో తామే ఒక డమ్మీ ప్రోగ్రాము రాసి పెట్టుకున్నారు. ఏమడిగినా 'సరే' అనడమే దాని ఉద్యోగం. తరవాత తీసెయ్యడం మరిచిపోయారు. మిగతా రెండు టీములూ అదే జవాబు చెప్పాయి. ఒకే బల్ల దగ్గర క్యారియర్లు విప్పుకుని తినే మనుషులు, నెలల తరబడి తాము చేసుకున్న బొమ్మలతో మాట్లాడుకుంటూ కూర్చున్నారు. ఇక అడ్డంకి ఎక్కణ్ణుంచి వస్తుంది?

అంతా సిద్ధమని పొద్దుటి నుంచి అందరికీ చెప్పుకుంటూ వచ్చింది స్రవంతే. ఆసుపత్రికి ఫోన్ చేసి, రేపు కుదరదని చెప్పి, మాస్టారి పక్కన కూలబడింది. ఇంతలో ఫోను, రోగి కోలుకున్నందుకు సంతోషమనీ, సేవ ఎలా ఉందో చెప్పమనీ అడిగింది.

"మూడు టీముల్నీ ఎలా కలపను మాస్టారూ?" అంది స్రవంతి.

మాస్టారు లేచి బట్టలు దులుపుకున్నారు. "మీరు మూడు టీములు కావచ్చునమ్మా. ఈ మెట్టు మీద కూర్చునే రోగి ఒక్కడే."