బంతి కిందికి చూసింది

ఒకప్పుడు బంతిపువ్వుని చూసి ఎవరూ ముక్కు చిట్లించేవారు కాదు. ఇప్పుడు బంతి ఆకు ఒకటి నలిపి వాసన చూడండి, ఘాటుగా, వెగటుగా గుప్పుమంటుంది. ఆ రోజుల్లో అలా కాదు. తేనెలో ముంచి తీసినట్టు తియ్యటి వాసన. రేకులు కూడా ఇంత గుబురుగా లేచి ఉండేవి కావు. కొబ్బరినూనె రాసి దువ్విన తలలాగా నున్నగా అణిగి ఉండేవి.

అంత అందం, అంత వాసన ఉన్నాక టెక్కు ఉండదా మరి? ఉండేది, బోలెడంత.

నూకాలు అనే ఆవిడ పెరట్లో బావి పక్కన బంతి మొక్కలు గుంపుగా ఉండేవి. నూకాలుకి మొక్కలంటే ప్రాణం. ఇంట్లోకి కావలసిన కూరలన్నీ ఆ పెరట్లోంచే కోసుకునేది. నీళ్ళు పోస్తూ మొక్కలతో ఒకటే కబుర్లు చెప్పేది. మొక్కలకి ఆవిడ మాటలన్నీ అర్థమయ్యేవి. పాపం, వాటి మాటలే ఆవిడకి వినపడేవి కావు.

పొద్దున్నే తల దువ్వుకుని నూకాలు ఒక బంతిపువ్వు కోసి కొప్పులో పెట్టుకునేది. ఆ పువ్వు ఎక్కడికి వెళితే ఆ మొక్క కళ్ళు అక్కడికి వెళ్ళినట్టే లెక్క. సంత, పెళ్ళిపందిరి, ఏటిగట్టు, అన్నీ చూసొచ్చినట్టు బంతులు గొప్పలు చెప్పుకునేవి. కూరగాయల మడి వంక మాత్రం కన్నెత్తి చూసేవి కావు. పేడ మధ్య బతికే జనంతో మనకేం మాటలు అనేవి.

ఒక ఏడు వంగ మడిలో ఒక మొక్క నాటుకోకుండా చచ్చిపోయింది. అక్కడ ఖాళీ పడింది. వంగ నారు అయిపోయింది. నూకాలు చేతిలో ఒక బంతి నారు మిగిలి ఉంది. ఖాళీగా వదిలేయడం ఎందుకులే అనుకుని ఆవిడ ఆ బంతి పిల్లని తీసుకెళ్ళి వంగ మొక్కల నడుమ గుచ్చేసింది. మన కథ ఆ బంతిదే.

బంతి చుట్టూ చూసింది. ఎటు చూసినా వంగ మొక్కలే. ముళ్ళూ, బరక ఆకులూ! తనేమిటి, ఈ మడిలో ఉండటమేమిటి? బావి పక్కనున్న పెద్దలు ఇది చూసి ఏమనుకుంటారు? ఆ రోజంతా కళ్ళు గట్టిగా మూసుకునే ఉంది.

పక్కనున్న వంగ మొక్క మహా వాగుడుకాయ. తనంతట తానే "వదినా" అని వరస కలిపేసింది. ఎండ ఎక్కువైతే పెద్ద ఆకు ఒకటి బంతి మీదికి వంచేది. చీమలు ఎక్కడ పుట్ట పెట్టాయో, కాకి ఏ గిన్నెలో మూతి పెట్టిందో అన్నీ చెప్పేది. బంతి మొహం తిప్పుకునేది. కొన్నాళ్ళకి మొహం తిప్పుకుని చెవి మాత్రం ఇటు పెట్టేది. ఆ తర్వాత, నిన్న కాకి సంగతి సగంలో ఆపావేం అని తనే అడగడం మొదలుపెట్టింది.

ఇంతలో బంతికి తొలి మొగ్గ వేసింది. నూకాలు దాన్ని చూసి మురిసిపోయి, అమ్మవారి తీర్థం రోజుకి విచ్చుకుంటావే తల్లీ, ఆవేళ నా కొప్పులోకి నువ్వే అని చెప్పింది. తీర్థమంటే జాతర. డప్పులు, బొమ్మలు, జీళ్ళు, రంగులరాట్నం! బంతికి ఇంక ఆకలి లేదు, దాహం లేదు. తీర్థం ఎప్పుడొస్తుందా అన్నదే ఒక్క ధ్యాస.

సరిగ్గా అప్పుడే వంగ వాడిపోసాగింది.

పాదిలో నీళ్ళు నిలిచే ఉన్నాయి. అయినా పొద్దెక్కేసరికి తల వేలాడేసేది. నూకాలు ఆకులు తిరగేసి చూసింది, ఒక్క పురుగు లేదు. బూడిద చల్లింది, పుల్లటి మజ్జిగ చిలకరించింది, ఇంకో కుండ నీళ్ళు పోసింది. ఏం చేసినా వంగ తల ఎత్తలేదు. దాని కబుర్లు కూడా ఆగిపోయాయి. బంతికి ఆ నిశ్శబ్దం అస్సలు నచ్చలేదు.

ఏమైందని బంతి అడిగితే, వేళ్ళ దగ్గర ఏదో లాగేస్తున్నట్టుంది అంది వంగ. వంగి చూసుకునే ఓపిక లేదు, కాస్త నువ్వు చూసిపెట్టు వదినా అంది.

బంతి పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ కిందికి చూడలేదు. సూర్యుడు పైన, నూకాలు కొప్పు పైన, కింద ఏముంటుంది మట్టి తప్ప? సరే, అడిగింది కదా అని ముక్కు మూసుకుని, తన వేళ్ళ వెంట మట్టిలోకి తొంగి చూసింది.

చూసి కొయ్యబారిపోయింది.

వంగ వేళ్ళు వేళ్ళలా లేవు. అడుగడుగునా ఉబ్బిపోయి, బుడిపెలు బుడిపెలుగా ఉన్నాయి. ఆ బుడిపెల్లో నులిపురుగులు. దారప్పోగు కన్నా సన్నగా, తెల్లగా, ఒకదాని మీద ఒకటి మెలికలు తిరుగుతూ వంగ రసం జుర్రుకుంటున్నాయి. పైన అంత కళకళలాడే పెరడు కింద ఇంత ఘోరమా? బంతి కళ్ళు మూసుకుందామనుకుంది, మూతపడలేదు.

వాటిలో పెద్ద పురుగు తల తిప్పి బంతిని చూసింది. పేరంటానికొచ్చిన ముత్తైదువని పలకరించినంత మర్యాదగా పలకరించింది.

"కంగారు పడకమ్మా. వంగది అయిపోవచ్చింది. తర్వాత నీ దగ్గరికే వస్తాం."

అంతే, బంతి హడలిపోయింది. ఆ హడలుకి దాని మొగ్గ టక్కున విచ్చుకుంది. లోపలి రేకులన్నీ నిక్కబొడుచుకుని లేచి నిలబడ్డాయి. వేరు కొస నుంచి ఆకు చివర దాకా చెమటలు పట్టాయి. ఆ చెమట ఘాటు ఏం చెప్పమంటారు! మట్టంతా గుప్పుమంది. నులిపురుగులు ఉక్కిరిబిక్కిరై, పడుతూ లేస్తూ మడి దాటి పారిపోయాయి.

సాయంత్రానికి వంగ తల ఎత్తింది. కాకి సంగతి మిగిలిన సగం చెప్పడం మొదలెట్టింది.

మర్నాడు నూకాలు నీళ్ళు పోయడానికొచ్చి బంతిని చూసి బిందె కింద పడేసుకుంది. వాసన చూసి చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. బంగారంలాంటి మొక్క, రాత్రికి రాత్రి ఏమైపోయిందే నీకు, ఏ తెగులు పట్టిందే అని నెత్తీ నోరూ కొట్టుకుంది. అప్పుడు గానీ బంతికి తన వాసన తెలియలేదు. సిగ్గుతో చితికిపోయింది. ఈ అవతారంతో తీర్థానికి ఎవరు తీసుకెళతారు?

పక్కన మట్టి గుల్ల చేస్తున్న వానపాముకి జాలేసింది. అది తెగులు కాదు, భయానికి పట్టిన చెమటే, కిందికి చూడకుండా ఉంటే నీ వాసన నీకు వస్తుంది అని ధైర్యం చెప్పింది.

బంతి అలాగే చేసింది. మబ్బుల్ని చూసింది, పిచ్చుకల్ని చూసింది. చెమట ఆరింది. రేకులు ఒక్కొక్కటే వాలి నున్నగా సర్దుకున్నాయి. తీర్థం రోజు తెల్లారేసరికి పెరడంతా మళ్ళీ తియ్యటి వాసన. నూకాలు నూతి దగ్గర తలంటుకుంటూ అటు చూసి, నా తల్లే, బాగైపోయావా, ఇదిగో వచ్చేస్తున్నా ఉండు అని కేకేసింది.

బంతి సంబరంగా పక్కకి తిరిగింది. వంగ ఆకులు మళ్ళీ వేలాడుతున్నాయి.

ఘాటు పోయింది, పురుగులు తిరిగొచ్చాయి. వంగ ఆ మాట పైకి అనలేదు. ఎంతో ఓపిక తెచ్చుకుని ఇంతే అంది.

"వెళ్ళిరా వదినా. రంగులరాట్నం ఎలా తిరుగుతుందో చూసొచ్చి చెప్పు. కాస్త తొందరగా చెప్పు మరి."

ఆ తొందరగా అన్న మాట బంతికి ముల్లులా గుచ్చుకుంది.

నూకాలు కొత్త చీర కట్టుకుని వస్తోంది. తడి జుట్టు కొప్పు చుట్టుకుంది. అడుగుల చప్పుడు దగ్గరవుతోంది. బంతి ఆ కొప్పుని చూసింది. వంగని చూసింది. ఏడుపొచ్చింది. మొదటిసారైతే ఏముందో తెలియక చూసింది. ఇప్పుడు తెలిసి చూడాలి. అది మరీ కష్టం.

అయినా చూసింది.

ఈసారి పురుగులు పిల్లల్నీ, పిల్లల పిల్లల్నీ వెంటేసుకొచ్చాయి. బంతి వేళ్ళ దగ్గర కూడా బారులు తీరి, నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాయి. బంతికి గుండె ఆగినంత పనైంది. రేకులన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. వాసన మునుపటికన్నా ఘాటుగా కొట్టింది. పురుగులు మడి అవతలి కొసకి పరుగు తీశాయి.

పువ్వు మీదికి చాచిన చెయ్యి నూకాలు చటుక్కున వెనక్కి తీసుకుంది. తర్వాత గోడ పక్క కనకాంబరాలు నాలుగు తుంపుకుని, తలలో పెట్టుకుని, తీర్థానికి వెళ్ళిపోయింది. ఆ పూటంతా దూరం నుంచి డప్పులు వినిపిస్తూనే ఉన్నాయి. బంతి వెక్కి వెక్కి ఏడ్చింది. వంగ మాత్రం తన పెద్ద ఆకు తెచ్చి దాని మీదికి వంచింది.

కొన్నాళ్ళకి మడి అవతలి కొసనున్న వంగ మొక్కలన్నీ ఎండిపోయాయి. పీకి పారేద్దామని నూకాలు ఒకటి లాగింది. ఆ వేళ్ళు చూసి కెవ్వుమంది. ఇంకోటి లాగింది, అదీ అంతే. మడంతా తిరిగి చూసింది. బంతి చుట్టూ ఉన్న మొక్కలు మాత్రం నిగనిగలాడుతూ కాయల బరువుకి వంగి ఉన్నాయి. నూకాలు అక్కడే మట్టిలో చతికిలబడిపోయింది.

"నిన్ను తెగులనుకున్నానా తల్లీ" అని ఆ ఘాటు పువ్వుని రెండు చేతుల్లోకి తీసుకుని, ముక్కు మూసుకోకుండా వాసన చూసింది.

ఆ ఏడు విత్తనానికి ఆవిడ ఆ బంతి పువ్వుల్నే ఎండబెట్టింది. తన మడుల్లో నాటింది, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పంచింది. అలా ఊరూరా ఆ బంతి పిల్లలే పాకాయి.

అప్పటినుంచే బంతి రేకులు అలా నిక్కబొడుచుకుని ఉంటాయి, ఆకు నలిపితే ముక్కు అదిరిపోతుంది. అప్పటినుంచే వంగ వేసినా, టమాటా వేసినా, మిరప వేసినా తెలిసినవాళ్ళు మధ్య మధ్యలో బంతి నారు గుచ్చుతారు. ఇన్నాళ్ళయింది కదా, దానికి ఇంకా భయమేమిటి, అలవాటైపోయి ఉంటుందిలే అనుకుంటున్నారేమో. అలవాటైతే చెమట పట్టదు, చెమట పట్టకపోతే పక్కనున్న వంగ బతకదు. అందుకని బంతి ఇవాళ్టికీ అలవాటు పడలేదు. రోజూ పొద్దున్నే కిందికి చూస్తుంది, రోజూ కొత్తగా హడలిపోతుంది.