బొంతయ్య యంత్రం, ఎర్ర మీట

అనగనగా, తేనెకంటే చింతకాయలే ఎక్కువ దొరికే ఒక అడవిలో బొంతయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. ఒంటినిండా దట్టమైన బొచ్చు. మండే ఎండల్లో కూడా బొంత కప్పుకున్నట్టే కనిపించేవాడు. అందుకే అందరూ ఆ పేరు పెట్టారు. మంచివాడే. కాకపోతే తీపి మాట చెవిన పడితే చాలు, బుద్ధి కాస్త పక్కకు జరిగేది.

ఒక సాయంత్రం కొందరు మనుషులు ఆ అడవిలోకి వచ్చారు. పాడుబడ్డ కోటగోడ పక్కన ముగ్గు వేశారు. పసుపు ముద్ద పెట్టారు, నిమ్మకాయలు కోశారు, కొబ్బరికాయ కొట్టారు. గుప్తనిధి కోసం వచ్చారన్నమాట! పూజ సగంలో ఉండగా కొబ్బరి వాసన బొంతయ్య ముక్కుకు తగిలింది. "ఎవరో పుణ్యాత్ములు ప్రసాదం పెడుతున్నట్టున్నారు" అనుకుంటూ పొదల్లోంచి బయటికొచ్చాడు. మర్యాదగా చేయి చాచాడు.

అంతే! పూజ చేయిస్తున్నాయన మంత్రం సగంలోనే మింగేశాడు. మిగతావాళ్ళు కాళ్ళకు బుద్ధి చెప్పారు. చెప్పులు ఒకచోట, మనుషులు ఒకచోట. బొంతయ్య తీరిగ్గా కూర్చుని రెండు కొబ్బరి చిప్పలూ తినేశాడు. మూతి తుడుచుకుని చూస్తే, గోడకు ఆనించి ఒక కొత్త వస్తువు కనిపించింది. పొడుగాటి కర్ర. కింది కొసన పళ్ళెం లాంటిది. పైన పిడి దగ్గర చిన్న పెట్టె. ఆ పెట్టెమీద ఒక ఎర్ర మీట.

కాకి కాటుకయ్య ఇదంతా చెట్టుమీద నుంచి చూస్తూనే ఉన్నాడు. అడవిలో వాడికి తెలియని సంగతి లేదు. తెలిసిన సంగతి కడుపులో దాచుకునే అలవాటూ లేదు. రివ్వున కిందికి దిగాడు.

"బావా! నక్క తోక తొక్కి వచ్చావు. అది లోహాలు పట్టే యంత్రం. పళ్ళేన్ని నేలకు దగ్గరగా అటూ ఇటూ ఆడిస్తూ నడవాలి. మట్టిలో ఇనుముంటే గుర్రుమంటుంది. బంగారముంటే కుయ్యిమంటుంది. వాళ్ళు చెప్పుకుంటుంటే ఈ చెవులతో విన్నాను."

"బంగారం తింటారా?" అని అడిగాడు బొంతయ్య.

"తినరు బావా. కానీ కాస్త బంగారం చూపిస్తే మనుషులు బండెడు బెల్లం ఇస్తారు."

బండెడు బెల్లం! బొంతయ్య కళ్ళముందు బెల్లం దిమ్మలు బారులు తీరాయి. ఆ రాత్రి నిద్రలో తన చేతిని తనే నాకేశాడు.

తెల్లారగానే పని మొదలైంది. బొంతయ్య యంత్రం భుజాన వేసుకుని అడవంతా తిరిగాడు. ఎక్కడ పెట్టినా ఒకటే మోత. గుర్రు! తవ్వితే విరిగిన కొడవలి. గుర్రు! తవ్వితే గుర్రపు నాడా. గుర్రు! తవ్వితే తుప్పు పట్టిన సైకిల్ చైను ముక్క. అడవిలోకి సైకిల్ ఎవడు తెచ్చాడో ఆ దేవుడికే తెలియాలి. బొంతయ్యకు విసుగొచ్చింది.

"ఏమిటీ తుక్కు మోత? దీనికి ఇంకో పాట రాదా?" అన్నాడు.

"ఆ ఎర్ర మీట నొక్కు బావా" అన్నాడు కాటుకయ్య. "వాళ్ళూ అదే చేస్తారు. అది నొక్కితే యంత్రం ఇనుము ఊసే ఎత్తదు. కుయ్యి ఒక్కటే వినిపిస్తుంది. మళ్ళీ నొక్కితే మళ్ళీ గుర్రు."

బొంతయ్య మీట నొక్కాడు. గుర్రు ఆగిపోయింది. చెవులకు ప్రాణం లేచొచ్చింది. నాలుగడుగులు వేశాడో లేదో, "కుయ్!"

ఇక చూడాలి వాడి ఆనందం! రెండు చేతులా తవ్వాడు. మట్టి వెనక్కి ఎగిరి కాటుకయ్య నెత్తిన పడింది. గొయ్యిలో బొంతయ్య నడుందాకా దిగాడు. చివరికి చేతికి దొరికింది ఏమిటి? చాక్లెట్ చుట్టిన వెండి కాగితం. ఎవరో వనభోజనాలకు వచ్చి పారేసి పోయింది.

ఆ పక్క కన్నంలోనే ఏదుపంది ఈరమ్మ ఉండేది. ఒంటినిండా ముళ్ళు, నోటినిండా చురకలు. బొంతయ్యను చిన్నప్పటినుంచి ఎరిగిన మనిషి. అయ్యో, మనిషంటున్నాను చూశారా! ఎరిగిన ఏదుపంది. చప్పుడుకు బయటికొచ్చి చూసింది.

"ఏరా తమ్ముడూ, కొండను తవ్వి ఎలుకను పట్టావా? ఎలుకైతే కనీసం నాలుగు కబుర్లు చెప్పేది" అంది.

"నవ్వుకో అక్కా, నవ్వుకో. నిధి ఊరికే దొరుకుతుందా?" అంటూ బొంతయ్య ఆ కాగితాన్ని ఓసారి నాకి చూశాడు. ఏమైనా తీపి మిగిలి ఉందేమోనని. లేదు.

మర్నాడు మళ్ళీ కుయ్యిమంది. ఈసారి కూల్‌డ్రింకు డబ్బా మూతకుండే రింగు దొరికింది. బొంతయ్య దాన్ని గోటికి తొడుక్కుని అడవంతా తిరిగాడు. "రాజుగారి ఉంగరం! చూడండి, రాజుగారి ఉంగరం!" అని అందరికీ చూపించాడు. "అయితే ఆ రాజు గుర్రం దిగి డబ్బాలో కూల్‌డ్రింకు తాగి వెళ్ళాడన్నమాట" అంది ఈరమ్మ. కోతులు కొమ్మలు పట్టుకుని నవ్వాయి. బొంతయ్య మాత్రం ఆ ఉంగరాన్ని తీయలేదు.

అయితే ఆ రోజు ఈరమ్మ నవ్వడానికి మాత్రమే రాలేదు. పక్కకు పిలిచి చెప్పింది.

"తమ్ముడూ, వాగు దారి సంగతి నీకు తెలుసుగా. వేటగాళ్ళు ఆకులకింద ఇనప పళ్ళ ఉచ్చులు పాతారు. కాలు పెడితే టక్కున మూసుకుంటాయి. మొన్న మన దుప్పి ఎలాగో తప్పించుకుంది గానీ, ఇప్పటికీ కుంటుతోంది. ఆనాటినుంచి ఎవరూ ఆ దారిన దిగడం లేదు. ఇక్కడేమో కుంటలన్నీ ఎండిపోయాయి. పిల్లాజెల్లా నాలుకలు బయటపెట్టుకుని పడున్నారు. నీ యంత్రం ఇనుమును పట్టేస్తుందటగా? ఒక్కసారి ఆ దారంతా చూసిపెట్టరా."

"అదెంత పని అక్కా! ఇప్పుడే చూస్తాను" అన్నాడు బొంతయ్య.

వాగు దారిలోకి దిగాడు. కాటుకయ్య వెంట ఎగిరాడు. దారి మొదట్లో బొంతయ్య ఆగాడు. ఎర్ర మీట మీదకు గోరు పోయింది. నొక్కాలా? నొక్కితే మళ్ళీ ఆ గుర్రు మోత. గుర్రుమన్న చోటల్లా ఆగాలి, తవ్వాలి. పొద్దుగూకేదాకా అదే పని. నొక్కకపోతే, నడుస్తూ నడుస్తూ ఎక్కడైనా ఒక కుయ్యి తగలొచ్చు. బండెడు బెల్లం గుర్తొచ్చింది. బొంతయ్య గోరు వెనక్కి తీసుకున్నాడు.

"మీట నొక్కలేదుగా బావా?" అన్నాడు కాటుకయ్య.

"ఊరుకోవోయ్. ఇంత దారిలో ఉచ్చు ఎక్కడో ఒకటి ఉంటే ఉంటుంది. నా కళ్ళు లేవా ఏమిటి?"

గబగబా నడిచాడు. యంత్రానికి ఉలుకూ లేదు, పలుకూ లేదు. వాగు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, గట్టిగా అరిచాడు. "దారి శుభ్రంగా ఉంది! అందరూ వెళ్ళి నీళ్ళు తాగండి!"

అడవికి పండగొచ్చింది. ఎండిన గొంతులన్నీ ఒక్కసారి కేకేశాయి. దుప్పి మాత్రం భయపడుతూ నిలబడింది. ఈరమ్మ దాని ముందుకొచ్చింది. "మా తమ్ముడు చూశాడమ్మా. నేను ముందు నడుస్తాను, నా వెనకే రండి" అంది.

ఆ సమయానికి బొంతయ్య ఎక్కడున్నాడు? రేగుపొదల దగ్గర. కుయ్యిమందిగా మరి! గొయ్యిలో తల పెట్టి తవ్వుతున్నాడు. సత్తు గిన్నె మూత ఒకటి సొట్టలు పడి చేతికొచ్చింది. "ఇది రాణీగారి పళ్ళెం అయ్యుంటుంది" అనుకుంటూ మట్టి తుడుస్తున్నాడు. అప్పుడు వినపడింది.

టక్!

వెంటనే ఒక కేక. ఆ గొంతు ఈరమ్మది.

మూత ఎక్కడ పడిందో బొంతయ్యకు తెలియదు. యంత్రం చేత్తో పట్టుకునే పరుగెత్తాడు. దారి మధ్యలో ఈరమ్మ పడి ఉంది. వెనక కాలిమీద ఇనప పళ్ళు బిగుసుకున్నాయి. వెనక దుప్పులు, కుందేళ్ళు, కోతులు అన్నీ కదలకుండా నిలబడిపోయాయి. ఎక్కడ అడుగు పెడితే ఏమవుతుందో ఎవరికి తెలుసు?

"బావా, తొందరగా! చీకటి పడేలోగా వేటగాళ్ళు ఉచ్చులు చూసుకోవడానికి వస్తారు" అని పైనుంచి అరిచాడు కాటుకయ్య.

బొంతయ్య రెండు చేతులూ ఆ పళ్ళ మధ్య దూర్చాడు. బలమంతా పెట్టి లాగాడు. ఇనుము అరచేతుల్లోకి దిగింది. అయినా వదల్లేదు. ఉచ్చు కిర్రుమని తెరుచుకుంది. ఈరమ్మ కాలు బయటపడింది. ఎముక విరగలేదు గానీ చర్మం చీరుకుపోయింది.

ఈరమ్మ తిట్లకు పెట్టింది పేరు. ఇప్పుడు తిడుతుందని బొంతయ్య తల దించుకుని నిలబడ్డాడు. ఆమె మాత్రం పళ్ళు బిగబట్టి, మెల్లగా అంది.

"నీ తప్పేం లేదురా. కొత్త యంత్రం కదా, ఏదో చెడిపోయినట్టుంది. ఒకసారి చూసుకో."

తిట్టినా బాగుండేది. ఆ మాటకు బొంతయ్య గుండె చెరువైపోయింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. యంత్రం మీదికి తోసేస్తే యంత్రం ఎదురు చెప్పదు. కానీ ఈరమ్మ కాలినుంచి కారుతున్న రక్తం చూస్తూ ఆ అబద్ధం నోట్లోంచి రాలేదు.

"చెడింది యంత్రం కాదక్కా, నా బుద్ధి. గుర్రు వినపడకుండా ఎర్ర మీట నొక్కి ఉంచాను. తెలిసే ఉంచాను. నన్ను నమ్మి నువ్వు ముందు నడిచావు" అని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

ఈరమ్మ కాలు పక్కకు జరుపుకుని లేచి కూర్చుంది.

"సరే, ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని" అంది ఈరమ్మ. "ముందు ఆ మీట నొక్కు. వెనక దాహంతో అలమటిస్తున్నవాళ్ళున్నారు."

బొంతయ్య మీట నొక్కాడు. నడవలేని ఈరమ్మను వీపుమీద ఎక్కించుకున్నాడు. ఏదుపందిని వీపున మోయడమంటే మాటలా!

"అన్నీ ముడుచుకున్నాన్లేరా" అంది ఈరమ్మ.

"ఒకటి ముడుచుకోలేదక్కా! అబ్బ!"

"అది నీకు గుర్తుండటానికి. నడు."

నడిచాడు. అడుగు తీసి అడుగు వేశాడు. "గుర్రు!" ఆకులు తప్పించి చూస్తే ఇనప పళ్ళు నోరు తెరుచుకుని ఉన్నాయి. కర్రముక్క వేసి మూయించాడు, పీకి పారేశాడు. ఇంకాస్త ముందుకెళ్ళాక, "గుర్రు!" అక్కడా ఉచ్చే. ఇందాక తన కాలు వీటిమీద పడకపోవడం ఒట్టి అదృష్టం. నిన్నటిదాకా చెవులకు ముల్లులా గుచ్చుకున్న మోతను, ఇప్పుడు ఎక్కడ ఆగిపోతుందోనని చెవులు రిక్కించి మరీ విన్నాడు. యంత్రం బ్యాటరీ అన్నాళ్ళు ఎలా వచ్చిందని అడగకండి. కథ పూర్తయ్యేదాకా అది పనిచేసి తీరాలి, లేకపోతే దుప్పి నీళ్ళు ఎలా తాగుతుంది?

వాగు ఇంకా కొంచెం దూరంలో ఉందనగా, దారి పక్కన యంత్రం మళ్ళీ పలికింది.

"కుయ్! కుయ్! కుయ్య్!"

అంత తియ్యటి కూత అంతకుముందు ఎప్పుడూ కూయలేదు. కాటుకయ్య గాల్లోనే గంతులేశాడు. "బావా! ఈసారి రేకు కాదు! బిందెడు బంగారం! తవ్వు బావా, తవ్వు!"

బొంతయ్య ఆగాడు. పళ్ళెం అక్కడే ఆడుతోంది. వెనక్కి తిరిగి చూశాడు. కుందేలు పిల్లలు ఒకదాని మీద ఒకటి వాలి నిలబడి ఉన్నాయి. దుప్పి కుంటికాలు పైకెత్తుకుని, వాడు అడుగు తీస్తే ఆ అడుగులో కాలు పెడదామని చూస్తోంది. పడమట పొద్దు చెట్ల వెనక్కి దిగుతోంది.

"తర్వాత ఎప్పుడైనా తవ్వుకోరా" అంది ఈరమ్మ వీపుమీద నుంచి.

"ఎందుకక్కా! ఇంకా దారి మిగిలే ఉంది" అన్నాడు బొంతయ్య. పళ్ళేన్ని పక్కకు జరిపాడు. కుయ్యి ఆగిపోయింది. ముందుకు నడిచాడు.

మరి కాసేపట్లో వాగు నీళ్ళ చప్పుడు వినపడింది. అన్నీ ఒక్కసారిగా ఒడ్డున వాలాయి. దుప్పి మూతి నీళ్ళలో పెట్టి, ఊపిరి తీసుకోవడం కూడా మరిచిపోయి తాగింది. ఈరమ్మ కాలు నీళ్ళలో చాచి "హమ్మయ్య" అంది. బొంతయ్య అందరూ తాగేదాకా ఒడ్డునే నిలబడ్డాడు.

ఆ కుయ్యి కింద ఏముందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. సీసా మూత అయినా కావచ్చు, వడ్డాణమైనా కావచ్చు. బొంతయ్య రోజూ ఆ పక్కనుంచే వెళ్తాడు, ఎవరి కాలూ ఉచ్చులో పడకముందే గుర్రు వినడానికి.

నీతి: చెవికి తియ్యగా వినపడేదంతా నిధి కాదు, కటువుగా వినపడేదంతా చెత్తా కాదు, నలుగురికీ మేలు చేసేదేదో తెలుసుకున్నవాడికే ఏది విలువైనదో తెలుస్తుంది.