గడ్డం చూసి ఇచ్చిన పట్టం

ఎర్రకొండ వాలులో మేసే మేకలమందకు భక్తి మెండు, గురువు మాత్రం లేడు. ఉన్న ముసలి గురువు చలికాలంలో కన్నుమూశాడు. అప్పటినుంచి మందలో పాపాలు పేరుకుపోతున్నాయే తప్ప, చెప్పుకుంటే విని మన్నించే చెవి లేదు.

జపం చెప్పించేది, పిల్లలకు ఉపదేశం నేర్పేది, చావుబతుకుల్లో ఉన్నవాళ్ల పక్కన తెల్లవార్లూ కూర్చునేది ఇన్నాసమ్మ అనే ఆడమేక. ఆమె ఒట్టిపోయి చాలా ఏళ్లయింది. మంద పిల్లలే తన పిల్లలనుకునేది. ఆ మాటకొస్తే ముసలి గురువు ప్రసంగాల్లో సగం ఆమె పక్కనుంచి అందించినవే. ఒకరోజు గుండె దిటవు చేసుకుని, గురువులకు పట్టం కట్టే పీఠాధిపతి శౌరప్ప పోతు ముందు నిలబడింది.

"అయ్యగారూ, గురుపట్టం నాకివ్వండి. దేవుడు పిలుస్తున్నాడండీ. చిన్నప్పటినుంచీ వినపడుతూనే ఉంది."

శౌరప్ప చెడ్డవాడు కాదు. నియమమంటే ప్రాణం, అంతే. నెమరు ఆపి అన్నాడు, "నీ భక్తికి వంక పెట్టను ఇన్నాసమ్మా. కానీ ఈ మందను కూడగట్టిన ఆదికాపరి మొదట పిలిచినవాళ్లంతా గడ్డాలున్న పోతులే కదా. ఆయన చెయ్యనిది నేనెలా చేసేది?"

"గడ్డం నాకూ ఉందండీ, పిడికెడు."

"ఆడగడ్డం లెక్కలోకి రాదు."

"ఆయన మీద పులి పడిన రాత్రి ఆ పోతులంతా పొదల్లో దూరారటగా. కాపరి దగ్గర నిలబడింది ఆడమేకలే. పడిపోయిన ఆయన మళ్లీ లేచాడని మందకు కబురు తెచ్చిందీ ఆడమేకే."

"కబురు తేవడం వేరు, పట్టం వేరు," అన్నాడు శౌరప్ప. ఆ జవాబు ఆయనకే రుచించలేదు కాబోలు, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఇన్నాసమ్మకు ఏడుపొచ్చింది. చాటుకు పోయి కళ్లు తుడుచుకుంది. సాయంత్రం జపం మాత్రం మానలేదు.

ఈ మాటలన్నీ బండ చాటునుంచి ఒక నక్క వింది. మేకల గుణం దానికి తెలుసు. తల్లిమేక కొత్తగా ఈనితే పిల్లను ఏ పొదలోనో దాచిపెట్టి మేతకు పోతుంది, ఆ చోటు పక్కమేకకు కూడా చెప్పదు. చెప్పేది ఒక్క గురువుకే. మర్నాడు పొద్దున్నే నక్క తుమ్మజిగురుతో మొక్కజొన్న పీచు చుబుకానికి అంటించుకుని మందలోకి వచ్చింది.

"అయ్యగారూ, నా పేరు చిన్నప్ప. మారుమనస్సు పొందాను. మాంసం ముట్టను." అంటూ ఒక వేపరెమ్మ నమిలింది. చేదుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. శౌరప్ప వాటిని పశ్చాత్తాపం అనుకున్నాడు.

"ఒకప్పుడు భక్తులను తరిమినవాడే తర్వాత గొప్ప గురువయ్యాడు కదండీ," అంది నక్క.

"నిజమే, నిజమే!" అన్నాడు శౌరప్ప.

ఇన్నాసమ్మ ఉండబట్టలేకపోయింది. "అయ్యగారూ, నక్క కదండీ!"

"నక్కయితేనేం, మగవాడు. గడ్డం చూడు, ఎంత నిండుగా ఉందో!"

ఆ పూటే పట్టం కట్టేశారు. గురువు దొరికాడని మందంతా నక్క తోక తొక్కినంత సంబరపడింది.

గురువు చెవిలో పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనానికి మేకలు బారులు తీరాయి. ముందురోజే ఈనిన జ్ఞానమ్మ అందరికంటే ముందు వెళ్లి, వెలిగిపోతున్న మొహంతో ఇన్నాసమ్మ దగ్గరికి వచ్చింది. "పిన్నీ, కొత్త గురువుగారిది ఎంత జాలిగుండె! నా పాపాలు సగం కూడా వినలేదు. పిల్లను ఎక్కడ దాచావు, పొద్దుగూకాక ఎవరైనా కాపలా ఉంటారా అని ఒకటే అడిగారు."

ఇన్నాసమ్మ చటుక్కున తలెత్తింది. "పిల్ల ఎలా ఉందని అడిగారా?"

"లేదు. బొద్దుగా ఉందా అని అడిగారు."

ఇన్నాసమ్మ శౌరప్ప దగ్గరికి పరుగెత్తింది. "అయ్యగారూ, కంచే చేను మేసేలా ఉంది! పాపం వినేవాళ్లు పిల్లల జాడ అడుగుతారా? జ్ఞానమ్మ బిడ్డ ఈ రాత్రి దక్కదు!"

"పట్టం పుచ్చుకున్నవాణ్ణి అనుమానించకూడదు," అన్నాడు శౌరప్ప. చెప్పి లాభం లేదని ఆమెకు అర్థమైంది. నేరుగా వెళ్లి నక్క ముందు మోకరించింది.

"గురువుగారూ, పాపాత్మురాలిని. గర్వం నా పాపం. అందరి పిల్లలకంటే నా పిల్లలే బలిసినవని విర్రవీగాను."

నక్కకు నోరూరింది. "ఎంతమంది తల్లీ?"

"కవలలండీ. వెన్నముద్దలు. వాగొడ్డున జొన్నచేను గట్టు పక్క, రేగుకంప వెనక దాచాను. పొద్దుగూకితే అటు ఎవరూ రారు."

"మన్నించాను, మన్నించాను, వెళ్లు," అంది నక్క. విధించాల్సిన ప్రాయశ్చిత్తం కూడా మరిచిపోయింది.

ఆ కంప వెనక అడవిపందుల కోసం రైతు ఉచ్చు వేశాడు. మందను రోజూ అటు పోకుండా మళ్లించేది ఇన్నాసమ్మే.

పొద్దుగూకగానే వాగొడ్డున పెద్ద కేక. మందంతా ఉరికింది. నక్క వెనకకాలు ఉచ్చులో బిగిసి ఉంది. గడ్డం ఊడి రేగుముళ్లకు వేలాడుతోంది. "పట్టం ఉన్నవాణ్ణి! విడిపించండి!" అని అరిచింది. ఒక్కరూ కదల్లేదు. రైతు కుక్కలు మొరగడం వినపడగానే అది తాడు కొరుక్కుని, గడ్డం కంపకే వదిలేసి, కుంటుకుంటూ కొండ దిగి పారిపోయింది.

జ్ఞానమ్మ బిడ్డను అక్కున చేర్చుకుని వెక్కివెక్కి ఏడ్చింది. శౌరప్ప అడగ్గా, కవలల కథ అల్లి నక్కను ఇటు పంపింది తానేనని ఇన్నాసమ్మ చెప్పేసింది.

"నీకు కవలలంటే వాడెలా నమ్మాడు ఇన్నాసమ్మా? నీ పొదుగు చూస్తే తెలియదూ, ఒట్టిపోయావని?"

"మందను ఎరిగినవాడికైతే తెలిసేదండీ," అంది ఇన్నాసమ్మ. తర్వాత తలవంచుకుంది. "పాపసంకీర్తనంలో అబద్ధమాడాను అయ్యగారూ. నన్ను మన్నించాలి."

"నీది మన్నించాను. మరి నాది? మందను తెచ్చి నక్క నోట్లో పెట్టాను. ఈ పాపం నేనెవరితో చెప్పుకోను?"

శౌరప్ప నెమ్మదిగా ముందుకొచ్చి, తన గిట్ట ఎత్తి ఇన్నాసమ్మ నుదుటిమీద ఉంచి, పట్టం మాటలు మొదటినుంచి చివరిదాకా అందరూ వినేలా చదివాడు. ఒక్క మాటా వదల్లేదు. ఇన్నాసమ్మ కళ్లవెంట నీళ్లు ధారలు కట్టాయి.

అప్పుడు ఆ ముసలిపోతు ముందుకాళ్లు మడిచి ఆమె ఎదుట మోకరించాడు.

"ఇక వినండి, గురువుగారూ," అన్నాడు.

నీతి: గడ్డాన్ని నక్కయినా అంటించుకోగలదు, మందను ఎరిగిన మనసు మాత్రం ఏ జిగురుతోనూ అంటదు.