ఎర్ర గేటు వారి ట్యాంకు పొంగిన రాత్రి

మా వీధిలో ఎర్ర గేటు వారికున్నంత తెలివి ఈ చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ ఎవరికీ లేదు. ఈ మాట నాది కాదు, వాళ్ళే చెప్పుకుంటారు. పొద్దున్నే పాలు పితకడానికొచ్చిన వాడికి చెబుతారు. వాడు వినకుండా వెళ్ళిపోతే గేదెకి చెబుతారు.

ఆ ఇంట్లో నలుగురు. పెద్దాడు తాతబ్బాయి, వాడి పెళ్ళాం అచ్చియ్యమ్మ, తమ్ముడు బుల్లియ్య, వీళ్ళ తల్లి మాణిక్యమ్మ. తండ్రి పోయే ముందు కొడుకులిద్దర్నీ మంచం దగ్గరికి పిలిచి, ఎవరు ఏం చెబితే అది చెప్పినట్టు చెయ్యండి, అడిగినదానికే జవాబు చెప్పండి, ఎలాగోలా బతికిపోతారు అన్నాడట. పాపం, ఆయన ఏ ఉద్దేశంతో అన్నాడో గానీ వీళ్ళు ఆ మాటని వదల్లేదు. మెయిన్ రోడ్డు మీద ఉండే డ్రాయింగు మాస్టారు కాశీ వెళ్తూ, తాళాలు వీళ్ళ చేతిలో పెట్టి, రోజూ ఓసారి గదులకి కాస్త గాలి తగిలేలా చూడమన్నారు. అంతే. బుల్లియ్య రోజూ తలుపులు తీసి, విసనకర్ర పట్టుకుని, గది గదికీ వెళ్ళి విసిరి వస్తున్నాడు. వంటగదికి ఉక్క ఎక్కువని అక్కడ ఇంకాసేపు విసురుతాడు.

నేను వాళ్ళ ఎదురింట్లో ఉంటాను. ఈశ్వరమ్మత్త అంటారు నన్ను. వాళ్ళని చూసి చూసి నాకు బీపీ వచ్చింది.

వీళ్ళ ఇంటికి పెరట్లో సెప్టిక్ ట్యాంకు కట్టిన మేస్త్రీ, పని అయ్యాక చేతులు కడుక్కుంటూ, "ఇంక ఇరవై ఏళ్ళదాకా దీనివంక చూడక్కర్లేదు" అన్నాడు. వీళ్ళు చూడలేదు. పెరట్లోకి వెళ్ళాల్సి వస్తే తల అటు తిప్పుకుని వెళ్ళేవారు. మాణిక్యమ్మ ఓసారి పొరపాటున చూసి, చూశానని నా దగ్గరకొచ్చి బాధపడింది.

ఇక బుల్లియ్య సంగతి. నలభై దగ్గర పడుతున్నాయి, పెళ్ళి కాలేదు. మనిషి బంగారం. ఓసారి పెళ్ళిచూపులకి వెళ్తే, పిల్ల తల్లి మర్యాదకి మొహమాటపడకండి బాబూ, మీ ఇల్లే అనుకోండి అంది. ఇంకేముంది, వీడు లోపలికెళ్ళి చొక్కా విప్పి, లుంగీ వెతుక్కుని కట్టుకుని, వాళ్ళ మంచం మీద పడుకుని నిద్రపోయాడు. ఆ సంబంధం అక్కడితో సరి. తర్వాతివీ అలాగే పోయాయి.

ఇన్నాళ్ళకి ఒక పిల్ల వీణ్ణి ఇష్టపడింది. పేరు సీతారత్నం. ఎవరిదో పెళ్ళిలో వీణ్ణి చూసిందట. ఈ బంతి లేచేదాకా సాంబారు వడ్డిస్తూ ఉండమని ఎవరో అంటే, వీడు ఆగకుండా వడ్డిస్తున్నాడట, విస్తళ్ళు దాటి సాంబారు నేలమీద పారుతున్నా సరే. జనమంతా తిట్టుకుంటుంటే ఆ పిల్ల మాత్రం, చెప్పిన మాట వినే మగాడు ఎక్కడ దొరుకుతాడమ్మా అని ఇంట్లో చెప్పేసింది. ఈ ముక్క విన్నప్పట్నుంచీ బుల్లియ్యకి అన్నం సయించడం లేదు. "అత్తా, ఇదీ తప్పిపోతే ఇంక నన్నెవరూ చూడరే" అన్నాడు నాతో.

పిల్ల తండ్రి ముత్యాల్రావు గారు మాత్రం గట్టి మనిషి. పెద్దకూతుర్ని ఇచ్చిన ఇంట్లో మరుగుదొడ్డి బాగాలేక ఆ పిల్ల నానా అవస్థా పడిందట. అందుకని, పొలాలూ పుట్రా నేనడగను, ఇల్లు చూసుకోడానికి వస్తాను, ముందు మరుగుదొడ్డి చూస్తాను, బాగుంటే అక్కడే మాట ఇచ్చేస్తాను, లేకపోతే కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోతాను అని కబురు పెట్టాడు. మర్నాడు పొద్దున్నే వస్తున్నాడు. ఎర్ర గేటు ఇల్లు అని వీళ్ళు గుర్తు చెప్పారు.

ఆ ముందురోజు తాతబ్బాయి ఇంటిల్లిపాదినీ పిలిచి, మరుగుదొడ్డి పని చేస్తోందో లేదో చూస్తూ ఉండండి అన్నాడు. అంతే. పొద్దున్నుంచీ వంతులేసుకుని ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు బకెట్టు తరవాత బకెట్టు పోశారు. పని చేస్తోంది అని ఒకళ్ళు కేకేస్తే, ఇంకా చేస్తోంది అని ఇంకొకళ్ళు. రాత్రి భోజనాల వేళ దాటేదాకా చేసింది. ఆ తర్వాత మాణిక్యమ్మ లోపలికెళ్ళి, వెళ్ళినంత వేగంగా బయటికొచ్చి, ఒరే నాయనా, పోసినవి దిగడం లేదు, వెనక్కి వస్తున్నాయి అంది. పెరట్లో చూస్తే ట్యాంకు మూత పక్కనుంచి పొంగుతోంది. ఆ వాసన వీధి దాటి మా ఇంట్లోకొచ్చింది. నేను ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని అరుగు మీదకొచ్చాను. మిగతాది కొంత అక్కణ్ణుంచే చూశాను, కొంత తర్వాత వాళ్ళే చెబితే విన్నాను.

బుల్లియ్య నీరుగారిపోయి మెట్టు మీద కూలబడ్డాడు. తాతబ్బాయి మాత్రం తెలివైనవాడు కదా, ట్యాంకులు తోడే బండి కోటిలింగానికి ఫోన్ చేశాడు. నిద్దట్లోంచి లేచిన కోటిలింగం విసుక్కుంటూ, ఎంతవరకూ వచ్చిందో చెప్పు, పొంగుతోందా, కారుతోందా అని అడిగాడు. మాటల్లో చెప్పడమెందుకని తాతబ్బాయి ఫోను తీసుకెళ్ళి ట్యాంకు దగ్గర పెట్టాడు. కాసేపు వినిపించి, విన్నారాండీ అన్నాడు.

కోటిలింగం ఇక ఆ విషయం వదిలేసి, బండి తెస్తున్నాను, ఈలోగా ఇలా చెయ్యండి అని చెప్పాడు. నేను వచ్చేదాకా ఆ ఇంట్లో ఒక్క చుక్క నీళ్ళు కిందకి దిగకూడదు. లోపల విషవాయువు ఉంటుంది, మూత జోలికి పోవద్దు, ఎవరూ అందులోకి దిగొద్దు, చుట్టుపక్కల ఎక్కడా నిప్పు గానీ దీపం గానీ ఉండకూడదు. మంచి సలహాలే. మనలాంటి వాళ్ళకైతే.

అచ్చియ్యమ్మ కుళాయిలన్నీ గుడ్డలతో కట్టేసింది. అప్పుడే మాణిక్యమ్మ బీపీ మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళడిగింది. గొంతులోకి దిగినా దిగినట్టే కదత్తయ్యా అంది కోడలు. పోనీ మజ్జిగ ఇవ్వమంది ముసలావిడ. మజ్జిగలోనూ నీళ్ళే ఉంటాయని, కోడలు గరిటెడు నెయ్యి పోసింది. మాత్ర దిగింది. ముసలావిడకి కడుపులో కలవరం మొదలైంది. ఆ కలవరానికి వెళ్ళాల్సిన చోటేమో పొంగుతోంది. బిగబట్టుకుని కూర్చుంది పాపం.

ఇటు అన్నదమ్ములిద్దరూ దీపాల మీద పడ్డారు. వాళ్ళింట్లోవన్నీ ఆర్పేశారు. తర్వాత మా ఇంటికొచ్చి ఆర్పమన్నారు. ట్యూబులైటుకి నిప్పుండదురా అన్నాను. "నిప్పు గానీ దీపం గానీ అన్నాడత్తా" అన్నాడు తాతబ్బాయి, చిన్నపిల్లకి చెప్పినట్టు. పోట్లాడే ఓపిక లేక ఆర్పాను. వీధి దీపానికి గోనెసంచి తొడిగారు. చివరికి బుల్లియ్య నడివీధిలో నిలబడి చంద్రుడి వంక చూస్తూ చాలాసేపు బాధపడ్డాడు. మబ్బు అడ్డం వచ్చాక గానీ వాడి మనసు కుదుటపడలేదు.

అంతలో కోటిలింగం మళ్ళీ ఫోన్ చేశాడు, ఇల్లు ఏదయ్యా అని. ఎర్ర గేటు అన్నాడు తాతబ్బాయి. "ఈ చీకట్లో మీ సందులన్నీ నేను తిరగలేను. మెయిన్ రోడ్డు మీదికి ఆ గేటు కనబడాలి. ఒక మనిషిని గేటు దగ్గర నిలబెట్టు. నేను రాగానే గేటు తీసి, ట్యాంకు చూపించాలి. లేదంటే వెనక్కి పోతాను" అని పెట్టేశాడు.

వీళ్ళ ఇల్లు రోడ్డు మీంచి సందులోకి తిరిగి, మళ్ళీ తిరిగితే గానీ రాదు. గేటు రోడ్డు మీదికి కనబడే దారి లేదు. తాతబ్బాయి ఆలోచించాడు. వాడు ఆలోచించినప్పుడల్లా నాకు భయమే. ఇంకేముంది, ఇద్దరూ కలిసి గేటు ఊడబీకారు. నెత్తిన పెట్టుకుని మెయిన్ రోడ్డు మీదకి తీసుకెళ్ళారు. గేటన్నాక ఊరికే గోడకి ఆనిస్తే ఎలా తెరుచుకుంటుంది? తెరవమని కదా చెప్పాడు. డ్రాయింగు మాస్టారి ప్రహరీకి గేటు లేదు, తడికే ఉంది. ఆ తడిక తీసి పక్కన పెట్టి, అక్కడ తమ ఎర్ర గేటు తాళ్ళతో కట్టారు. అచ్చం కొలిచి చేయించినట్టు సరిపోయింది. బుల్లియ్యని దాని దగ్గర నిలబెట్టి తాతబ్బాయి ఇంటికొచ్చేశాడు.

బండి వచ్చింది. బుల్లియ్య గేటు తీశాడు. ట్యాంకేదయ్యా అన్నాడు కోటిలింగం. గేటు లోపల ఒకటే ట్యాంకు ఉంది, మాస్టారిది. బుల్లియ్య అదే చూపించాడు. అది ఎవరి ట్యాంకు అని అతను అడగలేదు, వీడు చెప్పలేదు. కోటిలింగం గొట్టం వేసి తోడితే, ఇంట్లో మనుషులే లేని ట్యాంకులో ఏముంటుంది, బండి అడుగు కూడా నిండలేదు. ఈ మాత్రానికి నన్ను నిద్ర లేపారా అని తిట్టుకుని, పోతూ పోతూ తాతబ్బాయికి ఫోన్ చేశాడు. మీ ట్యాంకు ఖాళీ చేసేశాను, ఇంక హాయిగా వాడుకోండి అని.

తాతబ్బాయి ఫోను జేబులో పెట్టుకుని, బుడబుడమంటున్న ట్యాంకు వంక చూశాడు. ఖాళీ అయిపోయిందట అన్నాడు. అచ్చియ్యమ్మ కూడా చూసింది. ఖాళీ అయినా ఎంత నిండుగా కనిపిస్తోందో అంది. ఆ పని తెలిసిన మనిషి ఖాళీ అన్నాక మన కళ్ళని నమ్ముకుంటే ఎలా అన్నాడు మొగుడు.

మాణిక్యమ్మ ఆ మాట కోసమే కాచుకుని ఉంది. పరుగున లోపలికెళ్ళింది. అచ్చియ్యమ్మ కుళాయిలకి కట్టిన గుడ్డలు విప్పేసింది. అంతే. పెరడు నిండింది. పెరట్లోంచి వంటింటి గుమ్మం దాకా వచ్చింది. ముసలావిడ చెప్పులు తేలుకుంటూ వీధిలోకొచ్చాయి. ఖాళీ ట్యాంకే ఇంత పొంగితే, నిండిన ట్యాంకు ఇంకెంత పొంగేదో, సమయానికి తోడించాం అని తాతబ్బాయి నిట్టూర్చి పడుకున్నాడు. నేను పడుకోలేదు. ఆ వాసనకి ఎవరు పడుకుంటారు?

తెల్లారింది. ఎవరూ రమ్మనలేదు కాబట్టి బుల్లియ్య ఇంకా ఆ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ముత్యాల్రావు గారు మెయిన్ రోడ్డు మీద ఆటో దిగడమేమిటి, ఎదురుగా ఎర్ర గేటు, పక్కన పెళ్ళికొడుకు. బుల్లియ్య గేటు తీశాడు. గదులకి గాలి తగిలించే వేళ కూడా అయింది, తలుపులూ తీశాడు. ఆ సంగతి వీధిలో ఎవరో చెబితే తాతబ్బాయి పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తాడు. వాడి వెనక నేనూ పరిగెత్తాను, ఇవాళ ఈ మోసం నా కళ్ళ ముందు జరగనివ్వకూడదని.

మాస్టారి ఇల్లు అద్దంలా ఉంది. ముత్యాల్రావు గారు సరాసరి మరుగుదొడ్డికెళ్ళి, బకెట్టుడు నీళ్ళు పోసి, చెవి పెట్టి విని, బయటికొచ్చారు.

"ట్యాంకు ఎప్పుడు తోడించారు?"

"రాత్రేనండీ" అన్నాడు తాతబ్బాయి.

"తోడించాక ఎవరైనా వాడారా?"

"ఈ ట్యాంకులోకి ఇప్పుడు మీరు పోసిందేనండీ."

"మేం వస్తున్నామని తెలిసి రాత్రికి రాత్రి తోడించారా?"

"ఆయ్."

ఒక్క అబద్ధం లేదు. ఈ ఇల్లు మీదేనా అని మాత్రం ఆయన అడగలేదు. అడిగితే చెప్పేవాడే. నేను చెప్పేద్దామని నోరు తెరిచాను. తెరిచి బుల్లియ్య వైపు చూశాను. రాత్రంతా నిలబడి కాళ్ళు వాచిపోయి, ఎర్రబడ్డ కళ్ళతో ఆయన నోటి వంకే చూస్తున్నాడు, కోర్టులో ముద్దాయిలాగా. నాకు నోరు రాలేదు. ఏం, మీకైనా వచ్చేదా?

"మా అమ్మాయిని ఇస్తున్నాను" అన్నారు ముత్యాల్రావు గారు. బుల్లియ్య ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు. ఆయన ఆటో ఎక్కబోతూ తాతబ్బాయి చెయ్యి పట్టుకుని, "ఒక్క మాట ఇవ్వండి బావగారూ. మా పిల్ల కాపురానికి వచ్చేదాకా మీ ఇల్లు ఇవాళ ఎలా ఉందో అలాగే ఉండాలి. పూచికపుల్ల కూడా మారకూడదు" అన్నారు. తాతబ్బాయి చేతిలో చెయ్యేసి మాట ఇచ్చాడు.

ఆయనటు వెళ్ళగానే నేను కోటిలింగానికి ఫోన్ చేసి, నాలుగు చివాట్లు పెట్టి, బండి రప్పించాను. అసలు ట్యాంకు ఇదీ, తోడు అన్నాను. అతను గొట్టం దించబోతే తాతబ్బాయి అడ్డం పడుకున్నాడు. మాట ఇచ్చాడట. ఇవాళ ఎలా ఉందో అలాగే ఉండాలట. ఒరే, ఆయన చూసిన ఇల్లు వేరు, మీ ఇల్లు వేరురా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. మీ ఇల్లు అని ఆయన స్పష్టంగా అన్నారత్తా, మా ఇల్లు ఇదే కదా అన్నాడు వాడు. కోటిలింగం నా వంక జాలిగా చూసి బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ముహూర్తం శ్రావణంలో పెట్టారు. అప్పటిదాకా ఆ నలుగురూ చెంబులు పట్టుకుని మా పెరట్లోకే వస్తున్నారు. గేటు మాస్టారి ఇంటికే ఉంది. మధ్యలో ఎండలు ముదిరి, వాళ్ళ పెరట్లో పొంగింది కాస్త తగ్గుముఖం పట్టింది. హమ్మయ్య, ఆ సూర్యభగవానుడికైనా బుద్ధి ఉంది అనుకున్నాను. మర్నాడు సాయంత్రం చూద్దును కదా, బుల్లియ్య ముక్కుకి గుడ్డ కట్టుకుని, బిందెతో నీళ్ళు మోసుకొచ్చి మరుగుదొడ్డిలో పోస్తున్నాడు. ఏంట్రా ఇది అన్నాను. తగ్గిపోతోందత్తా, మామగారికిచ్చిన మాట పోతుంది అని, ఆ రోజు చెప్పులు తేలిన చోట గోడ మీద గీసుకున్న బొగ్గు గీత చూపించి, అక్కడిదాకా వచ్చేవరకూ పోశాడు.