గొడుగు లేని గొడుగు ఫొటో

గొడుగుల సూరప్పడి ఇంట్లో తెలివి పొంగి పొర్లుతుండేది. ఊళ్ళో ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు గానీ వాళ్ళకు మాత్రం బాగా తెలుసు. పొద్దున్నే గంజి తాగుతూ ఒకళ్ళ తెలివిని ఒకళ్ళు మెచ్చుకుంటే గానీ పనిలోకి దిగేవాళ్ళు కాదు. వాన మొదలైందంటే చాలు, చేతుల్లో ఉన్న గొడుగులు గబగబా మూసి, కొంగుల కిందా చొక్కాల కిందా దాచుకుని, నెత్తిన నీళ్ళు కారుతుండగా ఇంటికి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. తడిసిన గొడుగు ఎవడు కొంటాడని సూరప్పడు తల తుడుచుకుంటూ అడిగేవాడు. నిజమే మరి, ఎవడు కొంటాడు?

సూరప్పడు గుడ్డ కత్తిరిస్తాడు. కొడుకు అప్పలకొండ ఊచలు బిగిస్తాడు. కోడలు పైడమ్మ కుడుతుంది. మనవరాలు నూకరత్నం కుట్టిన గొడుగు తెరిచి, కిందనుంచి ఆకాశం కనబడుతోందేమో చూసి, కనబడకపోతే మూసి లోపల పెడుతుంది. గొడుగులు మంచివే. కానీ ఎండ తగిలితే రంగు పోతుందని వీధిలో పెట్టరు, దుమ్ము పడుతుందని అరుగు మీద పెట్టరు. దాంతో ఒక్కటీ అమ్ముడుపోక, గదులన్నీ గొడుగులతో నిండిపోయి, మనుషులు వాకిట్లో పడుకునే రోజులొచ్చాయి.

ఒకసారి మంచులో పడుకుని తుమ్ముతూ ఉండగా నూకరత్నానికి తోచింది. గొడుగు లోపలే ఉండాలి, కానీ బయటివాళ్ళకు కనబడాలి. అంటే ఫొటో తీయాలి. పట్నం యూనివర్సిటీలో పత్రికలకూ ప్రకటనలకూ ఫొటోలు తీయడం నేర్పే చదువొకటి ఉందని తెలుసుకుని వెళ్ళింది. ఈ చదువే ఎందుకు కావాలమ్మా అని అక్కడి పెద్దలు అడిగితే, మా ఇంట్లో పడుకోవడానికి చోటు లేదండీ అని ఉన్నమాట చెప్పింది. అలాంటి జవాబు వాళ్ళు ఎన్నడూ విని ఉండరు. ఇందులో ఏదో లోతు ఉందనుకుని సీటిచ్చేశారు.

చేరేటప్పుడు పెద్దవాళ్ళు వెంట రావాలన్నారు. మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలో చెప్పలేదు. ఇంకేముంది, ఇంటికి తాళం పెట్టి ముగ్గురూ వచ్చేసి, యూనివర్సిటీ వెనక ఒక గది తీసుకుని, వెళ్ళమనే మాట కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు.

నూకరత్నానికి మాత్రం ఆ చదువు ప్రాణమైపోయింది. కెమెరాలోంచి చూస్తే ఇంత లోకమూ అగ్గిపెట్టెంత గడిలోకి వచ్చి బుద్ధిగా నిలబడుతుంది. ఇంట్లో నలుగురు ఉన్నా అలా ఒక్కచోట నిలబడ్డ పాపాన పోలేదు. క్లాసయ్యాక కూడా ఆమె కెమెరా వదలక పట్టుకుని తిరిగేది.

చదువు చెప్పే ఇందుమతి మేడం మాట కటువు, మనసు మెత్తన. ఏడాది చివర రెండు ఫొటోలు తేవాలని ఆవిడ చెప్పింది. ఒకటి పత్రికలో వేసుకోదగ్గది, దాన్ని ఆవిడే చూసి మెచ్చాలి. రెండోది ఏదైనా వస్తువుకు ప్రకటన. దాన్ని గోడకు తగిలిస్తారు. చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఒక్కరైనా ఆ వస్తువు నాకు కావాలని అడగాలి. అడిగితే రెండో ఏడాది చదువు. అడగకపోతే ఇంటికే. ఆ మాట వినగానే నూకరత్నం గదికి పరిగెత్తుకొచ్చి ఇంట్లోవాళ్ళకు చెప్పేసింది.

"భయపడకే, మేమున్నాం కదా," అన్నాడు అప్పలకొండ. అంతే, అక్కణ్ణుంచే మొదలైంది.

పత్రిక ఫొటోకి మేడం చెప్పిన సూత్రం ఒకటే. మనిషి తన పనిలో తానుండాలి, ఎదురుగా కెమెరా ఉందన్న సంగతి మరచిపోవాలి, అప్పటిదాకా మీట నొక్కకూడదు. నూకరత్నం తాతను గొడుగు గుడ్డ ముందు కూర్చోబెట్టి, తాతా, ఇక్కడ కెమెరా ఉన్న సంగతి నువ్వు మరచిపోవాలి, అని చెప్పింది. తాత సరేనని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

కొంచెం సేపు ఆగి అడిగింది. "మరచిపోయావా తాతా?"

"మరచిపోయానే తల్లీ. ఇప్పుడు నువ్వడిగావు, గుర్తొచ్చింది."

మళ్ళీ ఆగింది, మళ్ళీ అడిగింది. పొద్దు వాలేదాకా తాత మరచిపోతూనే ఉన్నాడు, ఆమె అడుగుతూనే ఉంది. ఇలా కాదని పైడమ్మ కెమెరా తీసుకెళ్ళి దాచేసి, మావా, కెమెరా బియ్యం డబ్బాలో అడుగున పెట్టాను, ఇక నీకు గుర్తురాదులే, అని చెప్పి వచ్చింది. ఇంకేముంది, తాతకు బియ్యం చూస్తే కెమెరా, అన్నం చూస్తే కెమెరా. అన్నం మానేశాడు. అప్పుడు అప్పలకొండ తెలివి పని చేసింది. బుర్రలో చోటుంటేనే కదా కెమెరా ఉండేది, ఆ చోటు నింపేస్తే సరి. తాత చేత చుట్టాల పేర్లన్నీ వరసగా అప్పచెప్పించడం మొదలుపెట్టాడు. తాత మరచిన పేరు పైడమ్మ అందిస్తే, పైడమ్మ మరచిన పేరు అప్పలకొండ అందించాడు. ఎవరి చెల్లెలు ఎవరి వదినో తేలక అందరూ దెబ్బలాడుకున్నారు. అలా రోజులు గడిచి, చివరికి తాత కెమెరా సంగతి నిజంగానే మరచిపోయాడు. మంచిదే. కానీ అది ఎక్కడ పెట్టారో మిగతావాళ్ళూ మరచిపోయారు. కెమెరా యూనివర్సిటీ సొత్తు. నూకరత్నం ఏడుస్తూ పక్కలు దులిపింది, చెప్పుల్లో కూడా చూసింది.

ఒక పూట డబ్బాలో బియ్యం అడుగంటితే తాత చెయ్యి పెట్టి దేవాడు. నల్లగా, ఒంటికన్నుతో ఏదో వస్తువు పైకొచ్చింది. పసివాడు ఏనుగును చూసినట్టు నోరు తెరుచుకుని దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఆ కన్ను తన వైపు తిరిగినప్పుడు ఎక్కడో వేలు పడి టిక్కుమంది. అంతే, ఆ బొమ్మే మేడం దగ్గరికి వెళ్ళింది. గడ్డానికి బియ్యపు గింజలు, కళ్ళనిండా ఆశ్చర్యం. మేడం చాలాసేపు చూసి, ఈయనకు కెమెరా అంటే ఏమిటో కూడా తెలియనట్టుందే, ఎలా సాధించావు, అని అడిగింది. చాలా కష్టపడ్డాం మేడం, అంది నూకరత్నం. మొదటి ఫొటో గట్టెక్కింది.

ఇంటిల్లిపాదికీ గర్వం పట్టరానంత అయింది. ఇక రెండోది ఎంతలే అనుకున్నారు.

ప్రకటన ఫొటోకి మేడం ఇంకా తేలిగ్గా చెప్పింది. తెల్లటి బట్ట పరిచి వస్తువు పెట్టు. పక్కన అక్షరాలు వేసుకోవడానికి ఖాళీ వదులు, ఆ ఖాళీలో ఏమీ ఉండకూడదు. నీడ పడనివ్వకు. అంతే.

యూనివర్సిటీ మైదానంలో మిట్టమధ్యాహ్నం దుప్పటి పరిచి, ఒక వారగా గొడుగు తెరిచి పెట్టారు. రెండో వార ఖాళీ. ఆ ఖాళీలోకి ముందు ఒక కుక్క వచ్చింది, తర్వాత కాకి వాలింది. అప్పలకొండకు కోపం వచ్చి కర్ర పట్టుకుని ఖాళీ నడుమ నిలబడ్డాడు, ఎవరొస్తారో చూస్తానని. ఫొటోలో గొడుగూ ఉంది, కర్రతో అప్పలకొండా ఉన్నాడు. మేడం ఆయనెవరని అడిగింది. ఖాళీకి కాపలా మేడం, అంది నూకరత్నం. అక్కడ ఎవరూ ఉండకూడదని మేడం గట్టిగా చెప్పి పంపింది. అప్పలకొండ బాగా సిగ్గుపడ్డాడు. మర్నాడు తాను పొరపాటున ఖాళీలోకి వెళ్ళకుండా చూడమని పెళ్ళాన్ని బతిమాలాడు. పైడమ్మ ఆయన చొక్కా వెనక నుంచి పట్టుకుంది. ఆయన ఎటు నడిస్తే తనూ అటు నడిచింది. ఆ ఫొటోలో ఇద్దరూ ఉన్నారు.

ఇది చాలదన్నట్టు గొడుగు పక్కన దుప్పటి మీద నల్లటి నీడ. మేడం దాని మీద వేలుపెట్టి, ముందు దీన్ని తీసెయ్యి, రేపే ఆఖరు రోజు, అంది.

ఇంకేముంది, పైడమ్మ కుంకుడురసం తెచ్చి నీడను రుద్దింది. నీడ పోలేదు సరికదా, వంగినప్పుడు ఆమె వీపు మీదికి ఎక్కింది. ఇది అంటుకునే రకం, పట్టండి పట్టండి అని కేకలు పెట్టింది. అప్పలకొండ సున్నం తెచ్చి నీడ మీద పూశాడు. నీడ సున్నం పైకొచ్చి కూర్చుంది. ఇంకో పూత పూశాడు. అదీ ఎక్కింది. దుప్పటి అట్టకట్టింది గానీ నీడ చెక్కు చెదరలేదు.

అప్పటిదాకా చూస్తూ కూర్చున్న తాత లేచాడు. అప్పలకొండ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆగండి. ఏం చేస్తున్నారో తెలుస్తోందా? మనం ఇన్నాళ్ళూ అమ్ముదామని చూసింది ఏమిటి? గుడ్డా, ఊచలా? అవి ఊరికే ఇస్తున్నాం. మన సరుకు నీడే. సరుకు తుడిచేసి మీ మేడంకి ఏం చూపిస్తారు?"

అందరూ బిత్తరపోయారు. తాత చెప్పింది అక్షరాలా నిజం. మేడం చెప్పిందీ కాదనలేరు. నూకరత్నం దుప్పటి పక్కన కూలబడి ఏడ్చింది. నీడ తీస్తే తాత సరుకు పోతుంది, ఉంచితే తన చదువు పోతుంది. కొంగుతో కూతురి ముక్కు తుడుస్తూ పైడమ్మ ఆలోచించింది.

"నీడ ఎక్కణ్ణుంచి పడింది? గొడుగు నుంచి. మరి మీ మేడం కోపమంతా గొడుగు పక్కన నీడ ఉందనే కదా. గొడుగు తీసేద్దాం. అప్పుడిక దేని పక్కనా ఉండదు."

ముగ్గురూ ఆమె వైపు చూశారు. ఇంత తెలివి ఇన్నాళ్ళూ ఇంట్లో పెట్టుకుని గొడుగులు కుట్టించామా అని మావగారు నొచ్చుకున్నాడు. ఇంకో దుప్పటి పరిచి, గొడుగు తీసేశారు. తీయగానే నీడ కూడా ఆవు వెనక దూడలా దాంతోనే వెళ్ళిపోయింది. చివరికి తాత స్టూలెక్కి గొడుగును దుప్పటి మీదుగా ఎత్తి పట్టుకుంటే, అది కెమెరాకు అందనంత ఎత్తుకు పోయాక, నీడ ఒక్కటే దుప్పటి మీద మిగిలింది. అప్పలకొండను గేటు దగ్గర కాపలా పెట్టారు. నూకరత్నం మీట నొక్కింది. తెల్లటి బట్ట, ఒక వార గుండ్రంగా నల్లటి నీడ, పక్కన బోలెడు ఖాళీ. అంతే.

ఫొటోలు గోడకు తగిలించే రోజున నూకరత్నం ముందుగానే పెట్టె సర్దుకుని వచ్చి గోడవారగా నిలబడింది. మేడం వచ్చి గొడుగేదని అడిగింది. తీసేశానండీ, మీరు నీడ వద్దన్నారు, మా తాత అదే సరుకన్నాడు, అంది. అని పెట్టె చేతిలోకి తీసుకుంది. మేడం ఫొటో వైపు మళ్ళీ చూసి, దాన్నీ గోడకు తగిలించమంది.

ఎండ మండిపోతున్న రోజు అది. వచ్చినవాళ్ళు చెమట తుడుచుకుంటూ గోడ వెంట నడుస్తున్నారు. షాంపూ ఫొటో దాటారు, బిస్కెట్ల ఫొటో దాటారు. ఈ ఫొటో దగ్గరికొచ్చేసరికి ఆగిపోయారు. ఒకాయన దానికి దగ్గరగా జరిగి నిలబడి హాయిగా నిట్టూర్చాడు. ఇది శూన్యం గురించి అన్నాడు ఒక పంతులు. లేమి గురించి అని ఇంకో పంతులు దెబ్బలాటకు దిగాడు. గొడుగు గురించని ఎవరికీ తోచలేదు, ఒక్క వీరభద్రానికి తప్ప. ఆయనకు పట్నంలో పెద్ద పెద్ద గొడుగుల దుకాణాలున్నాయి.

"అమ్మా, ఇదే నాక్కావాలి. నా దుకాణాలన్నిటికీ కావాలి," అన్నాడాయన నూకరత్నంతో. "అచ్చం ఈ ఫొటోలో ఉన్నదే రావాలి సుమా. వేరేది పంపితే వెనక్కి కొట్టేస్తాను."

మేడం విన్నది. నూకరత్నం గట్టెక్కింది. ఆనందంతో నలుగురూ ఊరికి పరిగెత్తారు.

ఇంటి తాళం తీసి, గొడుగుల గుట్టల్ని చూసి, తాత పెదవి విరిచాడు. ఇవి ఫొటోలో లేవు. ఫొటోలో ఉన్నదే పంపాలి. ఇంకేముంది, అట్టపెట్టెలు తెప్పించి వాకిట్లో వరసగా పెట్టారు. తాత ఒక్కో పెట్టె మీద గొడుగు పట్టేవాడు. పెట్టె నిండా నీడ పడగానే అప్పలకొండ చప్పున మూత వేసేవాడు, పైడమ్మ పురికొసతో కట్టేసేది. నూకరత్నం చదువుకున్న పిల్ల గనక అంతటితో వదల్లేదు. ప్రతి పెట్టెకూ ఒక చిల్లు పొడిచి, కన్ను పెట్టి చూసింది. లోపల నల్లగా, నిండుగా ఉంది. ఒక్క పెట్టెలో కూడా తరుగు లేదు.

పెట్టెలు చేరిన రోజే మేడం దగ్గర్నుంచి ఫోను. వీరభద్రం మండిపడుతున్నాడట, పెట్టెల్లో ఏమీ లేదట, బేరం వద్దంటున్నాడట. బేరం పోతే నీ పరీక్ష కూడా పోతుంది నూకరత్నం, అంది మేడం.

నూకరత్నం ఫోనును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అయినా చదువు ఊరికే పోతుందా, ఒక్క ప్రశ్న అడిగింది. "పెట్టెలు ఎక్కడ విప్పారట మేడం?"

దుకాణం ముందు, రోడ్డు మీద, అంది మేడం.

ఎండలో. అంతే, నలుగురూ నెత్తి కొట్టుకున్నారు. అంత పెద్ద వ్యాపారికి ఆ మాత్రం తెలియకపోతే ఎలా? పోనీలే, పెద్దమనిషి, నష్టపోకూడదని తాత జాలిపడ్డాడు. మిగిలిన పెట్టెలు విప్పేటప్పుడు పైన పట్టుకోవడానికని, మంచి గొడుగొకటి తీసి, ఊరికే పంపించాడు.

వీరభద్రం ఆ గొడుగు తెరిచి చూశాడు. ఊచలు లాగాడు, కుట్టు చూశాడు, కింద నిలబడి పైకి చూశాడు. కోపం ఎటు పోయిందో, వెంటనే ఫోను చేశాడు. అయ్యా, ఇలాంటివే పంపండి, ఎన్నుంటే అన్ని.

తాత ససేమిరా అన్నాడు. "ఫొటోలో లేని సరుకు మేం పంపం బాబూ. మాటంటే మాటే."

ఆయన బతిమాలాడు, తాత కదల్లేదు. చివరికి మేడమే ఒక దారి చెప్పాల్సి వచ్చింది. నూకరత్నం రెండో ఏడాదికి వస్తుంది, గొడుగును గొడుగులా ఫొటో తీయడం తానే దగ్గరుండి నేర్పుతుంది, ఆ ఫొటో చూపించాక సరుకు పంపొచ్చు. దానికి అందరూ ఒప్పుకున్నారు.

బయల్దేరిన రోజున వాన దంచి కొట్టింది. ఫొటోకని ఏరి తెచ్చిన కొత్త గొడుగును పైడమ్మ కొంగులో చుట్టింది. దాని మీద అప్పలకొండ తన చొక్కా విప్పి కప్పాడు, తాత తువ్వాలు కట్టాడు. బస్టాండు నుంచి యూనివర్సిటీ దాకా నడుచుకుంటూ వచ్చేసరికి నలుగురూ బావిలోంచి తీసినట్టున్నారు. మేడం వాళ్ళను చూసి కంగారుగా ఎదురొచ్చి, ఏమైందని అడిగింది.

నూకరత్నం మూట విప్పి, గొడుగు తీసి, గర్వంగా ఆవిడ చేతిలో పెట్టింది.

"చూడండి మేడం. ఒక్క చుక్క పడనివ్వలేదు."